నా కేకకి కదిలిన ఇల్లు

దోన్యా ఎదెల్మీరా నాకు ఇల్లిస్తానన్నది నవంబరు ఆఖర్లో, వంటింట్లో దుంపల తొక్కు తీస్తూ.

"కింద పల్లంలో మా చెల్లెలి ఇల్లుంది చూశావూ, చెల్లెలు పోయిన దగ్గర్నుంచీ పాడుపడి ఉంది. దాన్ని బాగుచెయ్యి యొరైమా తల్లీ. అయ్యాక పైన రోడ్డు పక్క నా మెరకలోకి లాగించుకుందాం. నువ్వు బతికినన్నాళ్లూ నీదే," అంది.

"నాదా? మీ అమ్మాయి ఏమంటుందో?"

"దానికి దేశం దక్షిణపు కొసన, పుంతా అరేనాస్‌లో గాలితో కాపురం. ఇటు తొంగిచూసి ఆరేళ్లయింది. ఇప్పుడు నాకు కూతురివైనా కొడుకువైనా నువ్వే. తొక్కు అంత మందంగా తియ్యకు, దుంప సగం పోతోంది."

కాగితం రాసుకుందామని నాకు తోచనేలేదు. తోచినా అడిగేదాన్ని కాదు. చిలీ దేశపు ఈ చిలోయే దీవుల్లో పెద్దమనిషిని కాగితం అడగడమంటే చెంప మీద కొట్టినట్టే. నేను వెనిజులాలో మా కుమానా వదిలి మూడేళ్లు, ఈ కెల్వేయ్ ఊరొచ్చి రెండేళ్లు అయింది అప్పటికి. చేపలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీ మూతపడితే నాతో వచ్చిన వెనిజులావాళ్లందరూ రాజధానికి ఎగిరిపోయారు. నేను ఎదెల్మీరా ఇంటి వెనకగదిలో, ఆవిణ్ణి దోన్యా, అంటే అమ్మగారూ, అని పిలుచుకుంటూ మిగిలిపోయాను. సొంతిల్లు అన్నమాట వినేసరికి నాకు ఆవిడ కాళ్లమీద పడాలనిపించింది. పడలేదు గానీ, మిగిలిన దుంపలన్నీ నేనే చేశాను, తొక్కు ఉల్లిపొరలా తీస్తూ.

ఇల్లు లాగించడమంటే మా దీవిలో వింతేం కాదు. కింద దుంగలు దూర్చి, మోకులు కట్టి, ఎద్దుల్ని పూన్చి, ఊరంతా ఒక చెయ్యి వేసి కావలసిన చోటికి ఈడ్చుకుపోతారు. దాన్ని మింగా అంటారు. కూలి ఉండదు, కడుపునిండా తిండి ఉంటుంది. ఇవాళ నీ పనికి నేనొస్తే రేపు నా పనికి నువ్వు రావాలి, అంతే లెక్క. దుంపలు తవ్వడానికైనా, గడ్డి కుప్పెయ్యడానికైనా అదే పద్ధతి. ఆ రెండేళ్లలో ఊళ్లో నేను వెళ్లని మింగా లేదు. నలుగురిలో పడి ఒళ్లు వంచితే కుమానా గుర్తుకురాదని వెళ్లేదాన్ని. ముప్పై గడపలుంటే ముప్పై గడపలూ నాకు తలా ఒక రోజు పని బదులున్నాయి. వెనక్కి చూసుకుంటే, ఆ ఊళ్లో నాకున్న ఆస్తి అదొక్కటే.

*

ఆ ఇంటి గోడల మీది చెక్కపెంకులు మెత్తబడి, చేత్తో పీకితే బన్నుముక్కల్లా ఊడొచ్చేవి. కొత్తవి కావాలి. చెక్కపెంకులు చీల్చడం తెలిసినవాడు ఊళ్లో సొఫనోర్ తాత ఒక్కడే. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. గొంతు దాచుకుంటే పిల్లనిస్తారన్నట్టు రోజుకి పది మాటలు మించి ఖర్చుపెట్టడు.

"ఏం పని చేసేదానివి మీ దేశంలో?" అనడిగాడు.

"పళ్ల డాక్టరు దగ్గర, ఏడేళ్లు."

"అయితే ఈ మొద్దుకి నోరెక్కడుందో చెప్పు."

సైప్రస్ మొద్దు నా ముందుకి దొర్లించాడు. నేను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. ఒకచోట కత్తి ఆనించి కొయ్యసుత్తితో గట్టిగా బాదాను. చెక్క వంకరగా పగిలి, సగం ముక్క తాత మోకాలికి తగిలింది.

"పీకొద్దు పిల్లా. ఇది పన్ను కాదు."

మొదటి పదిహేను రోజులూ నేను చీల్చినవన్నీ పొయ్యిలోకే వెళ్లాయి. ఎదెల్మీరా సంతోషపడింది, చలికాలానికి చితుకులు సిద్ధమయ్యాయని. పదహారో రోజునో పదిహేడో రోజునో, కత్తి మొద్దు తలమీద పెట్టి ఒక్క దెబ్బ వేశాను. అది టక్కుమని విడిపోయింది. పలక చేతిలో మిగిలింది, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకే మందం. తాత దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు, వాసన చూశాడు, చూసి నా దొంతరలో కాకుండా తన దొంతర మీద పెట్టాడు. నేను కొట్టం వెనక్కి పోయి గంతులేశాను. ముప్పైనాలుగేళ్లొచ్చాక నాకు చేతులెందుకున్నాయో తెలిసింది. నవ్వుకుంటే నవ్వుకోండి, ఏ ఉద్యోగమూ ఏ మగాడూ నాకు అంత ఆనందం ఇవ్వలేదు.

మా వాన పైనుంచి పడదు, పడమటి నుంచి అడ్డంగా కొడుతుంది. అందుకే పడమటి గోడని వానగోడ అంటారు. దాన్ని ముందు కప్పేస్తే మిగతా మూడు గోడలూ ఇంట్లో కూర్చుని నిదానంగా చూసుకోవచ్చు. పెంకు కింది అంచు గుండ్రంగా చెక్కి, చేప పొలుసుల్లా వరస మీద వరస ఎక్కిస్తూ వచ్చాను. నలుచదరంగా వేస్తే చాలు, పని తొందరగా తెములుతుందని తాత అన్నాడు. వినలేదు. నా ఇల్లు కదా, నా ఇష్టం అనుకున్నాను. ఆదివారాల్లో ఇద్దరం పైన మెరకలో గోతులు తీసి, ఇంటికి కాళ్లుగా తొమ్మిది గుంజలు పాతాం. అక్కణ్ణుంచి చూస్తే సముద్రం మొత్తం కనిపిస్తుంది. కిటికీ ఎటు వైపు రావాలో, పనిముట్లు ఎక్కడ పెట్టుకోవాలో, పెంకులు నేర్చుకోవడానికి ఆడవాళ్లొస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో అన్నీ ఆ గుంజల మధ్య తిరుగుతూ గీసుకున్నాను.

*

జనవరి నెల మధ్యలో తెల్లటి ఉన్నికోటు వేసుకున్న ఒకావిడ పడవ దిగి మా పల్లంలోకి వచ్చింది. నేను అప్పటికి గోడ సగం పైన, నిచ్చెన బల్ల మీద ఉన్నాను. ఆవిడ గోడ కింద నిలబడి తల వెనక్కి వాల్చి చూసింది. గ్లవ్ తీసి, పెంకుల మీద చెయ్యి వేసింది.

"ఇదంతా మీరొక్కరే వేశారా?"

పొగిడితే పొంగిపోని మనిషెవరు? నేను నిచ్చెన దిగొచ్చి మరీ చెప్పాను. ఏ చెట్టు, ఎలా చీల్చాలి, అంచు ఎందుకు గుండ్రం, ఒక పెంకు మీద ఇంకోటి ఎంత ఎక్కాలి, అంతా. నా నోరే నా కొంప ముంచిందని తర్వాత తెలిసింది. ఈలోగా ఎదెల్మీరా ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిణ్ణి లోపలికి తీసుకుపోయింది. రెండు గంటలపాటు టీలు తాగారు.

"ఎవరు దోన్యా ఆవిడ?" అని సాయంత్రం అడిగాను.

"దారి తప్పొచ్చింది పాపం," అంది ఎదెల్మీరా, రొట్టెపిండి పిసుకుతూ.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి వేడి టీ, వేయించిన రొట్టె నిచ్చెన దగ్గరికే రావడం మొదలెట్టాయి. తుంటి నొప్పితో కుంటుకుంటూ ఆవిడే తెచ్చేది.

"ఫిబ్రవరి ఆఖరికి వానగోడ అయిపోతుందా తల్లీ?"

"అయిపోతుంది దోన్యా."

"తొందరపడి పాడుచెయ్యకు. బాగా రావాలి. నీ చేతిలో ఏముందో గానీ, మా చెల్లెలు చూస్తే ఏడ్చేది."

నాకోసం ఇంత ఆరాటపడే మనిషి ఈ దేశంలో ఒకరైనా ఉన్నారు కదా అని కళ్లు తుడుచుకుని మేకు కొట్టాను.

గోడ అనుకున్న రోజుకి అయిపోయింది. ఇక ఊరిని అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మింగాలో మరీను. ఇల్లు కదపాలనుకున్నవాళ్లు గడప గడపకీ స్వయంగా వెళ్లి నిలబడి అడగాలి. అవతలివాళ్లు ఔననేదాకా కూర్చోకూడదు.

"నేనెక్కడ తిరగను ఈ తుంటితో? నువ్వెళ్లు. నా మాటగా కాదు, నీ మాటగానే అడుగు," అంది ఎదెల్మీరా.

నీ మాటగా అడుగు అన్నందుకు పొంగిపోయాను. సంగతేమిటంటే, తొమ్మిదేళ్లుగా ఆవిడ ఎవరి మింగాకీ మనిషిని పంపలేదు. ఆవిడ మాటకి ఎద్దు కాదు కదా, దూడ కూడా కదలదు. నా మాటకైతే ముప్పై గడపలూ కదులుతాయి. అది నాకు తెలియదు, ఆవిడకి తెలుసు.

నాలుగు రోజులు తిరిగాను. అందరూ రెండే ప్రశ్నలు అడిగారు: ఏ రోజు, ఎన్ని జతలు? ఎక్కడికి అని ఒక్కరూ అడగలేదు. అడగరు కూడా. ఇల్లు కదలకముందే దాని దారి నోటితో పలికితే మోకు తెగుతుందని నమ్మకం. దారి తెలిసేది ఇంటివాళ్లకీ, ముందెద్దులు తోలేవాడికీ మాత్రమే. మా ఊళ్లో ముందెద్దులు రోసామెల్‌వి. భారీ మనిషి. నన్ను ఎండదేశం అని పిలుస్తాడు.

వాళ్లింటి గుమ్మంలో నిలబడి అడిగాను. కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు.

"నీ గుండె గట్టిదే ఎండదేశం. నేనైతే నా వల్ల కాదనేవాణ్ణి."

"ఏముందన్నా, నాలుగు గోడలేగా. దారి ఎటో చెప్పనా?"

"నోరుముయ్, మోకు తెగుతుంది! దోన్యా ఎదెల్మీరా నిన్ననే వచ్చి చెప్పి వెళ్లింది. లోపలికి రా, కూర్చో. మీ అరేపా రొట్టెలు తప్ప అన్నీ ఉన్నాయి మా ఇంట్లో."

తుంటి నొప్పితో ఊరు తిరగలేనన్న మనిషి అంత దూరం ఎలా నడిచొచ్చిందో నాకు అప్పుడు తట్టలేదు. నా గుండె గట్టిదనడం కూడా, ఇల్లు ఎత్తాలంటే భయపడే ఆడదాన్ని కాదనే అనుకున్నాను. అతని దృష్టిలో మాత్రం నేను అన్నీ తెలిసే అడుగుతున్నాను. అడగొచ్చిన మనిషికి తన ఇల్లెక్కడికి పోతోందో తెలియకుండా ఉంటుందని ఈ దీవుల్లో ఎవరికి తోస్తుంది?

*

మార్చి మొదటి శనివారం. పొగమంచు విడిపోయేసరికి పన్నెండు జతల ఎద్దులొచ్చాయి. కిటికీలు ఊడదీశాం, తలుపులు తాళ్లతో బిగించాం, కప్పు మీద జెండా కట్టారు. కాల్చిన రాళ్ల మీద గుల్లలూ మాంసమూ ఆవిరికి ఉడికించే కురాంతో కోసం గొయ్యి నేను పైన మెరకలో తవ్వుదామంటే ఎదెల్మీరా సముద్రపొడ్డునే తవ్వించింది. రాళ్లూ గుల్లలూ అక్కడే దొరుకుతాయి, పైదాకా ఎవడు మోస్తాడంది. నిజమే కదా అనుకున్నాను. ఒడ్డున నీలం డ్రమ్ములు ఒక ఇరవై పడున్నాయి. గుల్లలు పెంచేవాళ్ల డ్రమ్ములు మా ఒడ్డున ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఎవరు పట్టించుకుంటారు?

మింగాలో ఇంకో పద్ధతుంది. మోకు బిగిశాక అడిగిన మనిషే కేక వెయ్యాలి. ఆ కేక పడందే ఒక్క చెయ్యి కూడా లాగదు. ఇల్లు ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు కేక.

"లాగండోయ్!" అన్నాను.

"ఐలెస్సా!" అన్నారు నలభైమంది.

ఇల్లు ఒక్కసారి మూలిగింది. మూలిగి కదిలింది. నేను చేసిన గోడ, పొలుసు పొలుసూ ఎండకి మెరుస్తూ, నడవడం మొదలెట్టింది. నేను నవ్వుతూనే ఏడుస్తున్నాను. సొఫనోర్ తాత దుంగల పక్కన నడుస్తూ, నా పెంకు ఒక్కటైనా ఊడుతుందేమో అని కళ్లప్పగించి చూస్తున్నాడు. ఒక్కటీ ఊడలేదు.

పల్లం ఎక్కాక దారి చీలుతుంది. కుడివైపు మెరక, ఎడమవైపు సముద్రం. నేను ముందుగా పరుగెత్తి కుడిదారిలో అడ్డంగా పడున్న కొమ్మ ఒకటి తీసి పారేశాను. తీసి తల తిప్పేసరికి ముందెద్దులు ఎడమకి తిరిగాయి.

"అన్నా! దారి తప్పావు! ఇటు, ఇటు!" అని అరిచాను.

జనం గొల్లుమన్నారు. రోసామెల్ ములుగర్ర భుజానేసుకుని వెనక్కి తిరిగాడు. "ఇప్పుడు మనసు మార్చుకుంటే ఎలా ఎండదేశం? కావాలంటే రేపు నీళ్లలోంచి వెనక్కి తోలుకొచ్చుకో!"

మళ్లీ నవ్వులు. అందరూ నవ్వుతున్నారు కదా అని నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు సొఫనోర్ తాత. రెండోవారు ఎదెల్మీరా. జనం వెనకాల నిలబడి చెప్పుకంటిన బురద కర్రతో గోకుతోంది. నా వైపు చూడలేదు. అప్పుడర్థమైంది నాకు. ఒడ్డున డ్రమ్ములు, టీలు తాగిన తెల్లకోటు, ఫిబ్రవరి ఆఖరు, అన్నీ ఒక్కసారే. నా ఇల్లు ఆవిడకి అమ్ముడుపోయింది.

మలుపులో మోకులు సడలాయి. మళ్లీ బిగించారు. ఇల్లు దారి మధ్య నిలబడి ఉంది. అందరూ నా వైపు చూస్తున్నారు, కేక కోసం.

తాత దగ్గరికొచ్చాడు. "నీకు చెప్పలేదా పిల్లా?"

తల అడ్డంగా ఊపాను.

"నువ్వు కేక వెయ్యకపోతే ఎవడూ లాగడు. తెలుసుగా?"

తెలుసు. అంతలో ఎదెల్మీరా కుంటుకుంటూ వచ్చింది. చప్పుడు లేకుండా, మా ఇద్దరికే వినపడేలా మాట్లాడింది.

"ఆపాలనుకుంటే ఆపు. కానీ పోటు గంటలో దిగిపోతుంది, తర్వాత ఇల్లు తేలదు. ఇల్లు దారికడ్డంగా ఉండిపోతుంది. వీళ్లందరూ పనులు మానుకుని నీ మాట మీద వచ్చినవాళ్లు, నా మాట మీద కాదు. నీ ఇష్టం తల్లీ."

తల్లీ అంది ఆ నోటితోనే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చాలామంది తర్వాత అన్నారు, ఊరి పని చెడకూడదని మింగేశావు, ఎంత మంచిదానివో అని. మంచితనం కాదు. సిగ్గు. నలభైమంది ముందు మోసపోయిన వెర్రిదానిలా నిలబడటం కంటే, అన్నీ తెలిసి ఇచ్చేసిన దొరసానిలా నిలబడటం తేలికనిపించింది. గొంతు సవరించుకున్నాను.

"లాగండోయ్!"

"ఐలెస్సా!"

ఇల్లు ఎడమకి తిరిగింది.

*

డ్రమ్ములు కట్టి నీళ్లలోకి నెట్టాక అది తేలింది. రెండు పడవలు దాన్ని అవతలి దీవి వైపు లాక్కుపోయాయి. ముందు పడవలో తెల్లకోటావిడ లేచి నిలబడి నాకు చెయ్యి ఊపింది. ఆవిడ మీద నాకు విరోధం లేదు, పాపం ఆవిడకీ ఏం చెప్పారో ఏమో. నేనూ చెయ్యి ఊపాను. వానగోడ ఒడ్డు వైపే ఉంది. చాలాసేపు కనిపించింది.

గొయ్యి తెరిచాం. గొడుగంత ఆకులు ఎత్తితే ఆవిరి, గుల్లలు, పంది మాంసం, దుంపలు. నలభైమందికీ నేనే వడ్డించాను. నేను అడిగిన మింగా కదా, నేనే వడ్డించాలి. ఆపిల్ కల్లు పోస్తుంటే ఒక్కొక్కరూ నా భుజం తట్టి, ఇలాంటి భోజనం ఈమధ్య తినలేదన్నారు. నేను ముద్ద ముట్టలేదు. ఎవరూ గమనించలేదు, తాత తప్ప.

జనం వెళ్లిపోయాక ఒడ్డున కూర్చుని పళ్లేలు ఉప్పునీళ్లలో కడుగుతున్నాం, ఎదెల్మీరా, నేను.

"ఎప్పుడు మాటిచ్చారు ఆవిడకి?"

"ఆ రోజే. జనవరిలో."

"అప్పటికి గోడ సగమే అయింది."

"గోడ పూర్తయితేనే తీసుకుంటానంది. ఆ గోడ కోసమే తీసుకుంది. అతిథుల్ని దింపుతుందట అందులో."

"నాకు చెప్పుంటే?"

"చెబితే పూర్తిచేసేదానివా?"

నెలన్నరపాటు రోజుకి రెండుసార్లు టీ తెచ్చిచ్చింది ఈ మనిషి. బాగా రావాలి, తొందరపడకు అంది. నమ్మించి గొంతు కోయడమంటే కత్తితో కోస్తారనుకున్నాను ఇన్నాళ్లూ.

"మా అమ్మాయి ఫోన్ చేసింది," అంది ఎదెల్మీరా. "ఇల్లు కట్టుకుంటోందట, సగంలో ఆగిపోయిందట. ఆరేళ్ల తర్వాత అమ్మా అంది. నేనేం చెయ్యను?"

"నన్నూ కూతురన్నారు మీరు."

"అన్నాను. అబద్ధమాడలేదు. కానీ కడుపున పుట్టింది అడిగితే..." ఇసకతో పళ్లెం తోమింది. "నీకేం లోటు? నీ గది నీకుంది. నా తర్వాత ఈ ఇల్లు..."

"వద్దు దోన్యా," అన్నాను. "ఇంకో ఇల్లు ఇవ్వకండి నాకు."

*

ఎక్కడికీ పోలేదు నేను. ఎక్కడికి పోతాను? అదే వెనకగదిలో పడుకున్నాను, అదే బల్ల దగ్గర తిన్నాను. తాత కొట్టానికి వెళ్లి చీలుస్తూ ఉండేదాన్ని, ఎవరికని తెలియకుండానే. చెయ్యి మాత్రం తప్పలేదు. దుఃఖంలో కూడా పెంకు తిన్నగా వస్తుందని తెలిసి నాకే ఆశ్చర్యమేసింది. తాత నన్నేమీ అడగలేదు. కానీ ఒక ఆదివారం చర్చి బయట నిలబడి ఆయన ఊరివాళ్లతో మాట్లాడటం చూశాను. రోజుకి పది మాటలాడే మనిషి, ఆ రోజు నెల మాటలన్నీ ఖర్చుపెట్టినట్టున్నాడు. ఆ తర్వాత దారిలో ఎదురైనవాళ్లు నా కళ్లలోకి చూడలేకపోయేవారు.

మార్చి ఆఖర్లో దుంపల తవ్వకం వచ్చింది. ఒక సాయంత్రం రోసామెల్ మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మేమిద్దరం టీ తాగుతున్నాం. ఎదెల్మీరా కూర్చోమంది. కూర్చోలేదు.

"రేపు మా చేలో తవ్వకం. ఈ ఇంటి నుంచి ఒక మనిషి కావాలి, దోన్యా."

"మా ఇంటి నుంచా? తొమ్మిదేళ్లుగా అడగలేదే నన్ను?"

"తొమ్మిదేళ్లుగా మీకు మేం ఏమీ లాగిపెట్టలేదు. ఆ శనివారం లాగాం. మేం లాగింది యొరైమా ఇల్లు అనుకున్నాం. కాదని తేలింది. ఆ అమ్మాయి మాకు చేసిన పని మా మీద అప్పుగా అలాగే ఉంది. మేం లాగింది మీ ఇల్లు. కాబట్టి బదులు మీ ఇంటి నుంచే రావాలి. నేనొక్కణ్ణే కాదు. ఎల్లుండి ఇంకొకరొస్తారు. ముప్పై గడపలూ వస్తాయి."

ఎదెల్మీరా మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత, ఎప్పటి గొంతుతోనే, ఎప్పటి ముద్దుతోనే అంది:

"నా తుంటి సంగతి నీకు తెలుసుగా రోసామెల్. మా యొరైమా వస్తుందిలే. ఇది మా ఇంటి మనిషేగా."

ఊళ్లోవాళ్ల ముందు, గుమ్మంలో, ఒక మనిషి నన్ను తన ఇంటి మనిషి అనాలని మూడేళ్లు ఎదురుచూశాను. కుమానా నుంచి బయల్దేరి నాలుగు దేశాల బస్సులెక్కింది దానికోసమేనేమో. టీ కప్పు కింద పెట్టాను.

"నేను ఈ ఇంటి మనిషిని కాను, అన్నా. వెనకగదిలో ఉంటున్నదాన్ని, అంతే. రేపు మీ చేలోకి వస్తాను, నా పేరున వస్తాను. ఈ ఇంటి బదులు ఈ ఇంటివాళ్లే తీర్చుకుంటారు."

"సరే," అన్నాడు రోసామెల్. ఎదెల్మీరా వైపు తిరిగాడు. "మరి మీ అమ్మాయికి కబురు పెడతారా, దోన్యా?"

ఎదెల్మీరా తన టీ కప్పు పక్కకి నెట్టింది. నన్ను చూస్తూ, "ఇంత రాతిగుండె ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావే?" అంది.

ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోలేదు. రెండు సంచులు సర్దుకుని సొఫనోర్ తాత కొట్టానికి బయల్దేరాను. గేటు దాటి పది అడుగులు వేశానో లేదో, ఇల్లు నీటి మీద పోతున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు ముంచుకొచ్చింది. దారి పక్క కంచె పట్టుకుని నిలబడిపోయాను. ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ: ఆవిడ మా ఇంటి మనిషేగా అన్నప్పుడు, ఒక్క క్షణం, ఔనని తలూపబోయాను నేను.